లోయలో రెండు కలుపు

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో స్వెట్టరు వేసుకున్న మనిషి కనిపిస్తే, అయితే ఉబ్బసం మనిషై ఉండాలి, లేకపోతే కొండ మీద ఉద్యోగం మనిషై ఉండాలి. మిగతా ఊరంతా తలకి తువ్వాలు చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, ఆ కాస్త చలికాలాన్నీ టీ కొట్ల దగ్గర నిలబడి దాటించేసేది. మాది కొండ ఉద్యోగం ఇల్లు. నాన్న బస్సు డ్రైవరు. చింతపల్లి దాటి ఇంకా లోపలికి వెళ్లే ఆఖరి బస్సు ఆయనది. సాయంత్రం బయల్దేరి, ఘాటీ ఎక్కి, రోడ్డు అయిపోయిన ఊళ్లో బస్సు ఆపుకుని, అందులోనే సీటు మీద పడుకుని, తెల్లారాక మళ్లీ కిందికి దించుకొచ్చేవారు. దాన్ని డిపోలో నైటౌటు అనేవారు. తొంభైల మధ్యలో సంగతి ఇది. నేనప్పుడు ఇంటర్ ఎం.పి.సి. చదువుతూ, లెక్కల్లో నాకు తెలియనిది లేదని నమ్ముతూ ఉండేదాన్ని.

కొండ మీద చలి ఎలా ఉంటుందో నాన్న ఎప్పుడూ చెప్పలేదు. (నాన్న ఏ సంగతీ చెప్పేవారు కాదు. ఆయన మాటలన్నీ హారనుకే ఖర్చయిపోతాయని అమ్మ అనేది.) కానీ ఉదయం ఇంటికొచ్చిన మనిషి టీ గ్లాసుని తాగకుండా చాలాసేపు రెండు చేతుల్తో పట్టుకు కూర్చోవడం అమ్మ చూసింది. ఆ చలికాలం పోగానే, వేసవిలో స్వెట్టరు మొదలుపెట్టింది. రోహిణి ఎండలో ఊలు ఒళ్లో వేసుకుని, చెమటలు కారుస్తూ అల్లుతుంటే పక్కింటివాళ్లు కిటికీలోంచి చూసి నవ్వేవారు. మెరూన్ చార, బూడిద రంగు చార, మీగడ రంగు చార. చారలు తిన్నగా ఉండవు, కొండలూ లోయలూ లాగా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. డీజిల్ మరక పడ్డా కనబడదని ఆ రంగులు ఎంచిందట. వెనక భాగం మెడ దాకా అయ్యేసరికి వానాకాలం వచ్చింది. ఆ వానల్లో మా వైపు అందరికీ వచ్చే మలేరియాయే అమ్మకీ వచ్చింది. అందరికీ తగ్గినట్టు అమ్మకి తగ్గలేదు. జ్వరం మెదడుకి ఎక్కిందన్నారు. వారం తిరక్కుండా సమాధుల తోటలో పెట్టి వచ్చేశాం.

పోయినవాళ్ల ఇంట్లో చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడిక అయిన రోజు వరకూ ఇంటినిండా జనం. బెంచీలు చర్చికి తిరిగి వెళ్లిపోయాక ఇంట్లో ముగ్గురం మిగిలాం. నాన్న, నేను, ఊలత్త. ఊలత్త నాన్నకి పెద్దక్క. భర్త పోయినప్పటి నుంచీ మా వెనక గదిలోనే ఉండేది. చిన్నప్పుడు మిషను బోర్డింగులో దొరసాని దగ్గర అల్లిక నేర్చుకుంది. మా చర్చిలో పుట్టిన ప్రతి బిడ్డ తలమీదా ఆవిడ టోపీ ఎక్కాల్సిందే. అందుకని పిల్లలందరం కలిసి పెట్టిన పేరది. అమ్మకి ఆ కొండల డిజైను నేర్పింది కూడా ఆవిడే. ఇక నాన్న సంగతి. తన నైటౌట్లు కాకుండా ఇంకొకళ్ల నైటౌట్లు కూడా అడిగి వేయించుకోవడం మొదలుపెట్టారు. ఇంటికి రావడం, స్నానం చెయ్యడం, నేను వండిన పప్పు మారు మాట్లాడకుండా తినడం (అందులో ఉప్పు ఉందో లేదో కూడా ఆయనకి తెలిసేది కాదనుకుంటాను), మళ్లీ వెళ్లిపోవడం. అమ్మ సంచి తలుపు వెనక మేకుకి అలాగే వేలాడుతుండేది. సగం స్వెట్టరూ, దానికి గుచ్చిన సూదీ, మిగిలిన ఊలు ఉండలూ అందులోనే ఉన్నాయి. ముగ్గురం ఆ తలుపు పక్కనుంచే తిరిగేవాళ్లం, ఎవరమూ దాన్ని ముట్టుకునేవాళ్లం కాదు.

చలి మొదలైంది. ఒక ఆదివారం నాన్న బస్సు కండక్టరు చర్చి బయట ఊలత్తని ఆపి, మీ తమ్ముడు పైన రాత్రుళ్లు గోనెసంచులు కప్పుకుని పడుకుంటున్నాడు, దుప్పటి ఇస్తే వద్దంటున్నాడు అని చెప్పాడు. ఊలత్త ఇంటికొచ్చి, ప్రార్థన పుస్తకం బల్లమీద పెట్టి, తిన్నగా ఆ సంచి తీసింది. వెనక భాగం వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బాగా అల్లిందని ఒప్పుకుంది. ఒప్పుకుని, దాన్ని విప్పేద్దామంది. ఆవిడ దగ్గరొక నియమం ఉండేది. ఒక స్వెట్టరుకి ఒకటే చెయ్యి. ఒకళ్ల చెయ్యి బిగువు, ఒకళ్ల చెయ్యి వదులు, ఇద్దరల్లితే ఆ బట్ట మనిషి ఒంటిమీద కుదురుగా నిలవదని దొరసాని చెప్పిందట. అంచేత మొత్తం విప్పేసి తానే మొదట్నుంచి అల్లుతానంది.

 అది అమ్మ వేళ్లు ఆఖర్న చేసిన పని. ఆ మాట పైకి అనడం చేతకాక, ముందు భాగం నేనల్లుతానన్నాను. అంతకుముందు నేను అల్లినవి మొత్తం కలిపి ఒక బొమ్మకి కట్టిన మఫ్లరు.  తల్లి చెయ్యీ కూతురి చెయ్యీ ఒకటే కింద లెక్క వేసుకోవచ్చులే అని ఊలత్త తన నియమాన్ని తానే సడలించుకుంది. అలా ఒప్పుకోడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ వారమే ఆవిడ కంటికి శుక్లం ఆపరేషను. రెండో కన్ను ఎప్పుడో మసకబారిపోయింది.

ఆపరేషనయ్యాక ఊలత్త ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ, దానిపైన నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తల వంచకూడదన్నారని గోడకి ఆనుకుని నిటారుగా కూర్చుంది. నేను ఆవిడ కాళ్ల దగ్గర చాపమీద. ఆవిడ రేడియోలో వార్తలు చదివినట్టు చెప్పడం, నేను అల్లడం. కింది పట్టీ వరకూ ఏ గొడవా లేదు. ఆ పైన డిజైను మొదలవుతుంది.

"కొండ కొస మీద అటొకటీ ఇటొకటీ కన్ను పుట్టించు. లోయలోకి దిగినాక అటు రెండు, ఇటు రెండు కలుపు. అంతే. బేగి కానీ," అంది ఊలత్త.

కన్నంటే సూదిమీద నిలిచే ఊలు ఉచ్చు. పుట్టించడం నాకు అప్పటికే వచ్చు. ఊలుని సూదిమీద ఒక మెలిక వేస్తే కొత్త కన్ను పుడుతుంది. ఇక రెండు కలపడం. ఎం.పి.సి. పిల్లకి అదీ ఒక సందేహమేనా? ఒకటికి రెండు కలిపితే మూడు. పప్పులో నీళ్లు కలిపితే పప్పు పెరుగుతుంది. కాబట్టి లోయ వచ్చినప్పుడల్లా అటు రెండు మెలికలు, ఇటు రెండు మెలికలు వేశాను. ఒకచోట పుట్టించమని, ఇంకోచోట కలపమని రెండు మాటలెందుకు వాడుతోందా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజమే. దొరసాని నేర్పిన విద్య కదా, ఒకటి పుడితే పుట్టించడమనీ, రెండు పుడితే కలపడమనీ అంటారు కాబోలని సర్దిచెప్పుకున్నాను. అనుమానం వస్తే అడగాలన్న జ్ఞానం మాత్రం లెక్కల్లో మంచి మార్కులు వచ్చేవాళ్లకి ఉండదు.

అసలు ఊలత్త మాటకి అర్థం వేరు. రెండు కళ్లని ఒకే సూదిపోటులో పట్టి ఒకటిగా చెయ్యమని. కొండ మీద పెరిగినవి లోయలో తగ్గిపోవాలి. అలా అయితేనే గుడ్డ వెడల్పు మారకుండా ఉంటుంది. నా గుడ్డకి తగ్గడమనేది తెలియదు. కొండ మీదా పెరిగింది, లోయలోనూ పెరిగింది. మొదటి రెండు చారలూ పెద్దగా తెలియలేదు. ఆ తర్వాత కళ్లు సూది చివర్నుంచి జారిపోవడం మొదలుపెట్టాయి. సైకిలు షాపుకెళ్లి రెండు పాత చక్రం పుల్లలు అడిగి తెచ్చుకుని, కొన్ని కళ్లు వాటిమీదకి ఎక్కించాను. గుడ్డ పై అంచు లంగా కుచ్చిళ్ల మాదిరి అలలు తిరిగింది. డిజైను పేరే కొండలు కదా, ఎత్తుగా వస్తున్నాయి, ఇస్త్రీ చేస్తే సర్దుకుంటాయనుకున్నాను. సాయంత్రం పూట ఊలత్త చెయ్యి చాచి, ఏదీ చూపించు అనేది. కింది పట్టీ ఆవిడ వేళ్లకి తగిలేలా పెట్టేదాన్ని. మోసం చేద్దామని కాదు, పైన సూదులు గుచ్చుకుంటాయని. ఆవిడ పట్టీని రెండు వేళ్లతో నలిపి చూసి, పర్వాలేదే, మీ అమ్మ చెయ్యే వచ్చింది అనేది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం ఎక్కువ సయించేది.

ఈ లోపల మూడు రంగుల ఉండలూ ఒకదాన్నొకటి చుట్టుకుని చిక్కు పడ్డాయి. చిక్కు తియ్యడానికి ఓపిక కావాలి. నా దగ్గర ఓపిక లేదు, కత్తెర ఉంది. చిక్కు పడిన చోటల్లా కత్తిరించి ముడేశాను. బెత్తెడు ముక్క, జానెడు ముక్క, ముడిమీద ముడి. గుడ్డ తిరగేసి చూస్తే లోపలివైపంతా గడ్డం పెరిగినట్టుండేది. ఎలాగూ లోపలే కదా, నాన్న ఛాతీకి తప్ప ఎవరికీ కనబడదు.

ఆకుపచ్చ గుడ్డ తీసేసిన రోజు, డాక్టరు ఇచ్చిన కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, ఊలత్త మొట్టమొదట చూడాలన్న వస్తువు నా అల్లిక. (తర్వాత చాలాసార్లు అంది, ఆపరేషను ఇంకో నెల ఆగి చేయించుకోవలసిందని.) రెండు చేతుల్తోనూ పట్టుకుని ముందుకి చాపింది. కింద నడుం కొలతకి సరిగ్గా ఉండి, పైకి వెళ్లేకొద్దీ విప్పారిపోయి, అచ్చం చేటలా ఉంది. అది కూడా మెడ దాకా రాలేదు, చంకల దగ్గరే ఊలు అయిపోయింది.

"ఇదేటే?" అంది.

ముందు భాగమన్నాను. ఎవరికని అడిగింది. నాన్నకన్నాను. మీ నాన్నకా, మీ నాన్న బస్సుకా అంది. ఏం చేశానో చెప్పమంది. కొండ మీద పుట్టించాను, లోయలో రెండేసి కలిపాను, నువ్వు చెప్పినట్టే చేశానని గట్టిగానే చెప్పాను. కలపడమంటే ఎలాగో చేసి చూపించమంది. చూపించాను. ఊలత్త కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"పెళ్లిలో చర్చి అయ్యగారు ఇద్దర్ని కలిపితే ఎంతమందవుతారే?"

"ఇద్దరే కదత్తా."

"ఒకటవుతారే. కలపడమంటే ఒకటి సెయ్యడమే. ఏ బళ్లో సదివినావు నువ్వు?"

నవ్వాల్సిన చోటే అది. ఇప్పుడైతే నేను, నా పిల్లలు, మా వీధివాళ్లు అందరం నవ్వుకుంటాం. ఆ రోజు ఇద్దరమూ నవ్వలేదు. ఎందుకంటే ఆ మాటతో పాటే ఇద్దరి కళ్లూ తలుపు వెనక మేకుకున్న అమ్మ సంచి వైపు వెళ్లాయి. నా గుడ్డ విప్పితే వచ్చేవన్నీ తుంపులు. వాటితో సాక్సు కూడా అవదు. మెరూన్ ఊలు కోసం మెయిన్ రోడ్డు మీద ఫ్యాన్సీ షాపులన్నీ తిరిగొచ్చాను. ఆ రంగు ఇక రాదన్నారు, గులాబీ రంగు చూపించారు. ఇక తెగని ఊలు ఉన్నది అమ్మ అల్లిన వెనక భాగంలోనే. అది విప్పితే, ఇంట్లో ఉన్న పాత ఊలు కాస్త జతచేసి, నాన్నకి ఛాతీ వరకైనా ఒక బనీను లాంటిది వారంలో అల్లెయ్యగలనని ఊలత్త లెక్క తేల్చింది. నేను సంచి గుండెలకి పట్టుకుని ఇవ్వనన్నాను. ఏడ్చాను కూడా. ఊలత్త కోప్పడలేదు.

"ఆడు గోనెలు కప్పుకుంటన్నాడే. నీ దుక్కం తొడుక్కుంటే ఆడికి ఎచ్చగుంటాదేటి?"

 సంచి ఇచ్చేసి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ కూర్చున్నాను.

విప్పిన ఊలుని చిక్కుపడకుండా చుట్టాలంటే రెండో మనిషి కావాలి. ఆ మనిషి ఎదురుగా కూర్చుని రెండు చేతులూ ముందుకి చాపితే, ఊలు ఆ చేతుల చుట్టూ నేతగాళ్ల నూలు చిలపలాగా తిరుగుతుంది. ఎప్పుడూ ఆ పని నాది. నేను రానని తెలుసు కాబట్టి ఊలత్త నాన్నని కూర్చోబెట్టింది. ఆ రోజు ఆయనకి ఆఫ్. ఎందుకూ అని అడిగే అలవాటు లేని మనిషి. లుంగీ కట్టుకుని స్టూలు మీద కూర్చుని, స్టీరింగు పట్టుకున్నట్టే చేతులు చాపారు. వంటింటి గుమ్మంలోంచి నాకు ఆయన వీపు, ఊలత్త ముఖం కనిపిస్తున్నాయి. ఊలత్త అమ్మ గుచ్చిన సూదిని మెల్లగా లాగేసింది. కొస పట్టుకుని లాగింది. అల్లినప్పుడు ఎంతో కష్టపడి ఒక్కొక్కటే ఎక్కిన కళ్లు, లాగితే టపటపా వరసలకి వరసలు ఊడిపోతాయి. పై చార మెరూన్. అది మొత్తం నాన్న చేతులమీదకి వచ్చేసింది.

చాలాకాలం అల్లికలో ఉన్న ఊలు విప్పినా తిన్నగా అవదు. సేమ్యాలాగా వంకర్లు తిరిగే ఉంటుంది. నాన్న తన చేతులమీదున్న ఆ వంకర్లనే చూస్తున్నారు.

"అక్కా, ఇది కొత్తూలు కాదా?" అన్నారు.

మీ ఆవిడ అల్లిందేరా అని ఊలత్త తల ఎత్తకుండానే చెప్పి ఇంకో వరస లాగింది.  నాన్న చేతులు దించలేదు. దించితే ఊలు చిక్కుపడుతుందని ఆయనకీ తెలుసు. అలాగే చాపి పట్టుకుని ఉన్నారు. కాసేపటికి భుజాలు కదులుతున్నాయి. కళ్లు తుడుచుకోడానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు. అమ్మ పోయిన రోజున గానీ, సమాధుల తోటలో గానీ, ఆదరణ కూడికలో గానీ ఏడవని మనిషి, రెండు చేతులూ ముందుకి చాపుకుని, స్టూలు మీద కూర్చుని ఏడ్చారు.

"ఒగ్గీ అక్కా," అన్నారు. ఊలత్త వినిపించుకోనట్టే ఉంది. "ఒగ్గీమన్నాను కదా. ఉన్నదాంతోనే కుట్టీ."

పెద్దక్కతో నాన్న అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు. ఊలత్త ఆగిపోయింది. గాలిలో తెరుచుకున్న కళ్లన్నీ మళ్లీ సూదికి ఎక్కించడానికి నన్ను పిలిచింది. ఇద్దరం తలలు దగ్గర పెట్టుకుని, ఒక్క కన్నూ జారిపోకుండా పట్టుకున్నాం. నాన్న చేతులమీదున్న మెరూన్ ఊలుతోనే ఊలత్త ఆ రెండు ముక్కల్నీ భుజాల దగ్గరా పక్కలా కుట్టింది. నా చేటలో ఎక్కువైన మేరంతా మధ్యలో ఒక పెద్ద మడత పెట్టి బిగించింది. పైకి చాలని చోట గులాబీ రంగు ఊలు రాక తప్పలేదు. దొరసాని ఈ కుట్టు చూస్తే సమాధిలో అటు తిరిగి పడుకుంటుందని గొణుగుతూనే పూర్తిచేసింది.

ఆ మర్నాడు నాన్న దాన్ని ఖాకీ చొక్కా మీద తొడుక్కుని డ్యూటీకి బయల్దేరారు. వెనక నుంచి చూస్తే దొరల కాలం నాటి పద్ధతైన మనిషి. ముందు నుంచి చూస్తే చొక్కాలో బస్తా దోపుకుని పారిపోతున్న దొంగ. డిపోలో కండక్టరు చూసి, ముందు బస్సు, ఎనకాల సైకిలు అన్నాడట. ఆ పేరు డిపోలో చాలా ఏళ్లు ఉండిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోతూ, విప్పేసి మళ్లీ సరిగ్గా అల్లుతాను, తొడుక్కోవద్దు అని గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. నాన్న చెప్పులు వేసుకుంటూ ఆగారు.

"ఎనకాల మీ అమ్మ ఉంది. ముందల నువ్వున్నావు. మరింకా సలెక్కణ్నుంచి వస్తాదమ్మా?" అన్నారు.

అంత పెద్ద మాట నాన్న నోటినుంచి నేనెప్పుడూ వినలేదు. ఆ మాట పట్టుకుని చాలాకాలం గర్వంగా బతికాను. నైటౌట్లు మాత్రం మానలేదాయన. ఏళ్ల తరబడి ఆ స్వెట్టరుతోనే ఘాటీ ఎక్కారు, దిగారు. నేను పెళ్లి చేసుకుని, సూదులు మళ్లీ పట్టుకుని, ఊలత్త దగ్గరే పద్ధతిగా నేర్చుకుని, మొట్టమొదటిసారి ఒక చెయ్యి అల్లుతున్నప్పుడు గానీ నాకు తట్టలేదు. నాన్న స్వెట్టరుకి చేతులు లేవు. తెల్లవారుజామున మంచులో, అద్దం సరిగ్గా పట్టని ఆ బస్సులో, స్టీరింగు పట్టుకునేవి ఆ రెండు చేతులే. చలి అక్కణ్నుంచే వస్తుంది. ఆయనకి తెలుసు. తెలిసే నన్ను అడిగారు, జవాబు చెప్పలేనని కూడా తెలిసే అడిగారు. నాకు చేతులు అల్లడం వచ్చేసరికి ఆయన కొండ రూటు దిగిపోయారు, ఆ తర్వాత కొన్నాళ్లకి ఈ లోకం నుంచీ దిగిపోయారు.

ఎవరైనా స్వెట్టరు వెనక భాగంతో మొదలుపెడతారు. నేను చేతులతో మొదలుపెడతాను. రెండు చేతులూ పూర్తయి పక్కన పెట్టుకున్నాక గానీ మిగతా దానికి సూది ఎక్కించను. ఇదేం వరసండీ, ఇలాగైతే మీ దగ్గర ఎలా నేర్చుకోవాలి అని మా ఆడవాళ్ల కుట్టు క్లాసులో అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఒక్కోసారి ఒళ్లో మనిషి లేని రెండు చేతులు పెట్టుకుని, టీ చల్లారిపోయేదాకా ఊరికే కూర్చుని ఉంటాను.